బోర్డు లేని రోడ్డుమీద చట్టం

రోడ్డు పక్కన వేగాన్ని తెలిపే బోర్డు లేదు. అప్పుడు బండి ఎంత వేగంగా పోవచ్చు? ఈ ప్రశ్న మోటారు నడిపేవాడికి పోలీసు ఎదురైనప్పుడు వస్తుంది. ప్లీడరుకు కేసు చేతికొచ్చినప్పుడు వస్తుంది. చరిత్ర చదివేవాళ్లు కూడా వేసుకోవలసిన ప్రశ్నే ఇది. ఎందుచేతనంటే, చట్టం నోరు విప్పి మాట్లాడినచోట అందరికీ ఒకటే అన్నట్టు కనిపిస్తుంది. మాట్లాడనిచోటనే అది ఎవరిని దృష్టిలో పెట్టుకొని పుట్టిందో బయటపడుతుంది.

నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. న్యాయశాస్త్రం నా వృత్తి కాదు. అయితే పద్యానికి అర్థం చెప్పేటప్పుడు మాకు నిత్యమూ ఎదురయ్యే పని ఒకటుంది. కవి చెప్పకుండా వదిలిన మాటను సందర్భాన్నిబట్టి తెచ్చి అన్వయంలో చేర్చుకోవాలి. దానిని అధ్యాహారం అంటాం. బోర్డు లేని రోడ్డుమీద చట్టం చేసే పని కూడా అధ్యాహారమే. అక్కడ లేని అంకెను ఎక్కడినుంచో తెచ్చి చేర్చుకోవాలి. ఎక్కడినుంచి? బండి శక్తినుంచా, రోడ్డు వెడల్పునుంచా, నడిపేవాడి విచక్షణనుంచా, లేక ఆ రోడ్డు పక్కన బతుకుతున్న మనుషులనుంచా? ఈ ప్రశ్నకు బ్రిటన్ నూరేళ్లపాటు ఇచ్చిన సమాధానాలను వరసగా చూస్తే అందులో ఒక వర్గచరిత్ర కనబడుతుంది. మన మోటారు చట్టాలు చాలావరకు ఆ అచ్చులోనే పోసినవి కాబట్టి, అది కొంతవరకు మన చరిత్ర కూడా.

మొదట్లో బోర్డుల ప్రసక్తే లేదు. ఆవిరియంత్రంతో నడిచే బండ్లు రోడ్లమీదికి వచ్చినప్పుడు, 1861 లో బ్రిటిష్ పార్లమెంటు వాటికి రహదారిమీద గంటకు 10 మైళ్లు, ఊళ్లలో 5 మైళ్లు అని పరిమితి పెట్టింది. 1865 లో దానిని 4 మైళ్లకు, 2 మైళ్లకు దించింది. పైగా బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలన్నది. ఈ ఎర్రజెండా చట్టాన్ని తలచుకొని తర్వాతి తరాలు నవ్వుకున్నాయి; అభివృద్ధి నిరోధానికి దాన్ని ఉదాహరణగా చెప్పుకున్నాయి. నవ్వేముందు ఒక్క సంగతి గమనించాలి. ఆ చట్టానికి బోర్డు అక్కరలేదు. నియమం బండితోపాటే నడిచేది. రోడ్డుమీద ఉన్నవాడు ఏమీ చదవనక్కరలేదు. హెచ్చరిక తానే అతని దగ్గరకు వచ్చేది. ప్రమాదాన్ని తెచ్చినవాడిదే బాధ్యత. ఆ చట్టం వెనక పేదవాడిమీద ప్రేమ ఉన్నదని నేననను. రోడ్లు చెడిపోతాయనీ, గుర్రాలు బెదురుతాయనీ భయం ఉన్నది. కాని ఉద్దేశం ఏదైనా, రోడ్డు నడిచేవాడిది, యంత్రం అతిథి అన్న భావం అందులో ఉన్నది.

ఆ భావం 1896 లో చెదిరింది. తేలిక మోటార్లకు ముందునడిచే మనిషి అవసరం లేదన్నారు. చట్టం గంటకు 14 మైళ్లు అన్నది; స్థానిక పాలనా మండలి దానిని 12 కు తగ్గించింది. ఆ నవంబరు 14 న మోటారుస్వాములు లండన్‌నుంచి బ్రైటన్‌దాకా ఊరేగి విముక్తి పండుగ చేసుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో, లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర కాలినడకన పోతున్న ఒక స్త్రీ మోటారు తగిలి చనిపోయింది. పెట్రోలు కారుకింద పడి బ్రిటన్‌లో చనిపోయిన మొదటి పాదచారి ఆమె. ఎవరికి విముక్తి, దేనినుంచి విముక్తి అనే ప్రశ్నకు ఈ రెండు సంఘటనలూ చెరొక సమాధానం చెబుతున్నాయి.

1903 చట్టం పరిమితిని 20 మైళ్లకు పెంచింది. బోర్డు ఉన్నా లేకపోయినా దేశమంతటా ఇదే లెక్క. ఎక్కడైనా 10 మైళ్లకు తగ్గించదలిస్తే అక్కడ గుర్తు పాతాలి. సాధారణ నియమం పుస్తకంలో, ప్రత్యేక నియమం బోర్డుమీద అనే విభజన ఇక్కడ స్థిరపడింది. మరొక్క నిబంధన కూడా ఈ చట్టంలో వచ్చింది: బండి వేగంగా పోయిందని ఒకే ఒక్క సాక్షి తన అభిప్రాయం చెప్పినంతమాత్రాన శిక్ష వెయ్యగూడదు. దొంగతనం కేసులో కూలివాడికి ఇటువంటి రక్షణ ఎవరూ కల్పించలేదు. అప్పట్లో మోటారు కొనగలవాళ్లు భూస్వాములూ, మిల్లుల యజమానులూ, పెద్ద డాక్టర్లూ. అటువంటివాళ్లే స్థానిక న్యాయపీఠాలమీద కూర్చునేవాళ్లు కూడా.

అయినా పోలీసులు కొలిచిన దూరానికి ఇరుపక్కలా పొదలచాటున కాచి, గడియారాలు పట్టుకొని వేగం లెక్కగట్టేవారు. ఈ కాపునుంచి తప్పించుకోవడానికి 1905 లో మోటారుస్వాములు ఆటోమొబైల్ అసోసియేషన్ స్థాపించుకున్నారు. సైకిళ్లమీద తిరిగే జీతగాళ్లను పెట్టి, ముందు పోలీసులున్నారని సభ్యులను హెచ్చరించే ఏర్పాటు చేసుకున్నారు. 1910 ప్రాంతంలో వెలువడిన ఒక తీర్పు, వేగంగా పోతున్నవాణ్ణి ఇలా హెచ్చరించడం పోలీసు విధికి అడ్డుతగలడమేనన్నది. అప్పుడు సంఘం ఒక ఉపాయం పన్నింది. దారిలో జీతగాడు ప్రతి సభ్యుడికీ సలాము కొట్టాలి. ఎప్పుడైనా కొట్టకపోతే సభ్యుడు బండి ఆపి కారణం అడగాలి. మాట్లాడటం నేరం కావచ్చు, సలాము కొట్టకపోవడం నేరం కాదు గదా! మన జమీందారీ గ్రామాల్లో దొరకు దండం పెట్టకపోతే తప్పు. అక్కడ అవసరమైనప్పుడు దండం మానెయ్యడానికే జీతం. మౌనానికి కూడా అర్థం ఉంటుందనీ, ఆ అర్థాన్ని కొనుక్కోవచ్చుననీ ఆ వర్గం ఎంత త్వరగా గ్రహించిందో చూడండి.

1930 లో బ్రిటన్ మోటార్లకు వేగ పరిమితినే రద్దుచేసింది. ఆ బిల్లు నడిపిన రవాణామంత్రి హెర్బర్ట్ మారిసన్. ఆయన లేబర్ పార్టీవాడు. ఈ సంగతిని దాచిపెట్టి మాట్లాడటం మనకు తగదు. 20 మైళ్ల నియమాన్ని ఎవరూ పాటించడం లేదు, అందరూ ఉల్లంఘించే చట్టంవల్ల చట్టమంటేనే గౌరవం పోతుంది అన్నది ఆనాటి ప్రధాన వాదం. ఈ 'అందరూ' ఎవరు? మోటారున్న అందరూ. కాలినడకన పోయే కోట్లమంది ఈ లెక్కలోకే రారు. పేదవాళ్లు మూకుమ్మడిగా ఒక చట్టాన్ని ధిక్కరిస్తే ప్రభుత్వాలు ఆ చట్టాన్ని ఎత్తివేసిన సందర్భాలు ఎన్ని, లాఠీలు ఎత్తిన సందర్భాలు ఎన్ని? అదే చట్టం బస్సులకూ బరువు బండ్లకూ మాత్రం పరిమితులు ఉంచింది. బండి బరువు అందుకు కారణం కావచ్చు. అయినా ఫలితం ఏమిటంటే, కార్మికుణ్ణి పనికి తీసుకుపోయే బస్సుకు అంకె ఉన్నది, యజమాని కారుకు అంకె లేదు.

ఆ చట్టం మంచిపని చెయ్యలేదని కాదు. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకు పరిహారం దొరికేలా బీమాను నిర్బంధం చేసింది. 1931 లో ఒక పెన్నీ వెలకు రోడ్డు నియమావళి పుస్తకం వచ్చింది. కాని ఈ ఏర్పాటు స్వభావం చూడండి. చచ్చినవాడికి వెల కట్టడానికి చట్టం సిద్ధపడింది. చావకముందు బండిని నిదానించమనడానికి సిద్ధపడలేదు. బోర్డు లేని రోడ్డుమీద ఇక మిగిలింది ప్రమాదకరంగా నడపగూడదు, అజాగ్రత్తగా నడపగూడదు అనే మాటలే. అధ్యాహారం నడిపేవాడి విచక్షణకు వదిలేశారు.

ఫలితం లెక్కల్లోకి ఎక్కింది. 1934 లో బ్రిటన్ రోడ్లమీద 7,343 మంది చనిపోయారు. అందులో సుమారు సగం పాదచారులు. ఆ ఏడాది పార్లమెంటులో మళ్లీ పరిమితి విధించాలన్న చర్చ వచ్చినప్పుడు, మూర్-బ్రబజన్ అనే కన్సర్వేటివ్ సభ్యుడు ఒక వాదం చేశాడు. పూర్వం తాము మోటార్లలో తిరిగి వచ్చేసరికి బండిముందు కోడి ఈకలు ఇరుక్కుని ఉండేవట. కుక్కలు కూడా చచ్చేవట. ఇప్పుడు కుక్కలు తప్పుకోవడం నేర్చుకున్నాయట. కాబట్టి జనం కూడా అలవాటుపడతారు, అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని ఆయన ధీమా. ఇది తాగినమత్తులో అన్న మాట కాదు, చట్టసభలో అన్న మాట. పాదచారి కోడినుంచి కుక్క స్థాయికి ఎదగాలని పాలకవర్గం కోరుకున్నది. ఆ వర్గ దృష్టిలో రోడ్డు ఎప్పుడు చేతులు మారిందో దీన్నిబట్టి తెలుస్తున్నది. 1865 లో యంత్రం అతిథి. 1934 నాటికి నడిచే మనిషే చొరబాటుదారు.

ఆ ఏడాది వచ్చిన, రవాణామంత్రి హోర్-బెలీషా అమలుచేసిన చట్టం ఈ ధోరణికి అడ్డుకట్ట వేసింది. 1935 మార్చి 18 నుంచి ఇళ్లున్న ప్రాంతాల్లో గంటకు 30 మైళ్లు మించగూడదన్నది. ఇళ్లున్న ప్రాంతమంటే ఏది? ఎన్ని ఇళ్లుంటే ఊరు? వీధుల పేర్లతో జాబితాలు రాయాలా? చట్టం ఒక సులభమైన కొలబద్ద తీసుకున్నది. 200 గజాలకు మించని దూరంలో వరసగా వీధిదీపాలున్న రోడ్డు ఊరిలోని రోడ్డే. దీపస్తంభమే బోర్డు.

ఈ చిన్న నిబంధనను నేను చాలా పెద్ద విషయంగా భావిస్తాను. అంతవరకూ లేని అంకెను యంత్రంనుంచో, నడిపేవాడి బుద్ధినుంచో తెచ్చేవాళ్లు. ఇప్పుడు మొదటిసారిగా అక్కడ మనుషులు బతుకుతున్నారన్న వాస్తవంనుంచి తెచ్చారు. దీపం ఎందుకు ఉన్నది? రాత్రిపూట మనుషులు నడుస్తారు కాబట్టి. మనుషులు నడుస్తారు కాబట్టి బండి నిదానించాలి. 1939 లో యుద్ధం వచ్చి దీపాలు ఆర్పేశారు. స్తంభాలు మాత్రం నిలిచే ఉన్నాయి. ఆ చీకటి రోడ్లు ఎంత భయంకరమైనవంటే 1941 లో 9,169 మంది చనిపోయారు. బ్రిటన్ రోడ్ల చరిత్రలో అంతకుమించిన సంఖ్య మరి లేదు.

ఈ నిబంధన 1984 నాటి రోడ్డు రవాణా నియంత్రణ చట్టంలోకి కూడా వచ్చింది. దాని తర్కం చూడదగింది. వరసగా దీపాలున్న రోడ్డుమీద, పరిమితి లేదని చెప్పే బోర్డు కనబడకపోతే, ఆ కనబడకపోవడమే పరిమితి ఉన్నదనడానికి సాక్ష్యం. దీపాలు లేని రోడ్డుమీద మాత్రం పరిమితిని తెలిపే బోర్డు లేకపోతే నడిపేవాణ్ణి శిక్షించగూడదు. అంటే ఒకే మౌనానికి రెండు అర్థాలు. మనుషులున్నచోట మౌనం నడిచేవాడి పక్షం. లేనిచోట మౌనం నడిపేవాడి పక్షం. ఇంగ్లండులో దీపాలున్న వీధుల్లో 30 అంకెను దారిపొడుగునా మళ్లీమళ్లీ పాతడాన్ని నిబంధనలు ఒప్పుకోవు కూడా. స్తంభాలు చెబుతున్నదాన్ని బోర్డులు మళ్లీ చెప్పనక్కరలేదని దాని భావం.

దీనిలోని లోపం కూడా చెప్పుకోవాలి. దీపం పెట్టించడానికి మునిసిపాలిటీకి డబ్బు కావాలి. డబ్బులేని పల్లెకు దీపం లేదు, దీపం లేదు కాబట్టి రక్షణా లేదు. ఆ పల్లె బోర్డుకోసం అర్జీలు పెట్టుకోవాలి. ఊరి వెలుపలి రోడ్లమీద ఐతే మరి ముప్ఫయ్యేళ్లు ఏ అంకే లేదు. 1964 లో ఒక పందెపు కారును ఎం-1 రహదారిమీద గంటకు సుమారు 185 మైళ్ల వేగంతో పరుగెత్తించి పరీక్షించారు. అది నేరం కాలేదు. 1965 డిసెంబరు 22 న టామ్ ఫ్రేజర్ మంత్రిగా ఉండగా 70 మైళ్ల పరిమితిని తాత్కాలికంగా పెట్టారు. 1967 లో బార్బరా కాసిల్ దాన్ని శాశ్వతం చేసింది. 1930 లో పరిమితి తీసింది లేబర్ ప్రభుత్వమే, ఇప్పుడు పెట్టిందీ లేబర్ ప్రభుత్వమే. తమను ఎన్నుకున్నవాళ్లలో ఎక్కువమంది కాలినడకన పోతారని గ్రహించడానికి ఒక పార్టీకి 35 ఏళ్లు పట్టిందన్నమాట. 2023 సెప్టెంబరు 17 నుంచి వేల్స్‌లో దీపాలున్న వీధుల సాధారణ పరిమితి 20 మైళ్లయింది. దానికి వ్యతిరేకంగా నాలుగు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కాబట్టి ఈ పోరు పాతకాలపు ముచ్చట కాదు.

అంకె ఎందుకు, మనిషి వివేకాన్ని నమ్మగూడదా అని అడిగే మిత్రులుంటారు. వాళ్లు అమెరికాలోని మోంటానా రాష్ట్రం సంగతి చూడాలి. 1974 లో చమురు కొరత కారణంగా విధించిన జాతీయ పరిమితి 1995 లో రద్దయ్యాక, ఆ రాష్ట్రంలో కార్లకు పగటిపూట అంకె లేకుండా పోయింది. సమంజసమైన, వివేకవంతమైన వేగంతో పోవాలని మాత్రమే చట్టం అన్నది. ఒకతను గంటకు 85 మైళ్ల వేగంతో పోతుంటే పోలీసు పట్టుకున్నాడు. ఎంత వేగమైతే సమంజసమో ఆ పోలీసు చెప్పలేకపోయాడు. ఏది నేరమో పౌరుడు ముందుగా తెలుసుకోలేని చట్టం చెల్లదని 1998 లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1999 లో మళ్లీ 75 అంకె వచ్చింది. అంకె లేనిచోట స్వేచ్ఛ ఉంటుందనుకుంటాం. నిజానికి అక్కడ అధికారం చట్టంనుంచి పోలీసు చేతికి జారుతుంది. ఆ చెయ్యి పేదవాడిమీద ఎలా పడుతుందో, పెద్దమనిషిమీద ఎలా పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన దేశానికి వద్దాం. 1914, 1939 చట్టాల మీదుగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం వచ్చింది. దాని 112 వ సెక్షను ప్రకారం బండి తరగతినిబట్టి కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం బోర్డు లేకపోయినా వర్తిస్తుంది. బోర్డు లేదు కాబట్టి పరిమితి లేదనే వాదం మన రోడ్లమీద చెల్లదు. కాని ఒక చోట ప్రజల రక్షణకోసం వేగం తగ్గించదలిస్తే, రాష్ట్ర ప్రభుత్వం గెజెట్టులో ప్రకటించి అక్కడ గుర్తులు పాతించాలి. అంటే పెద్ద అంకె తనంతట తాను అమలవుతుంది. చిన్న అంకె బోర్డు పాతితేనే అమలవుతుంది. మన చట్టంలోని మౌనం వేగం పక్షాన ఉన్నది.

2018 ఏప్రిల్లో కేంద్రం ఇచ్చిన ప్రకటన చూడండి. అది రోడ్లను నాలుగు రకాలు చేసింది: ఎక్స్‌ప్రెస్‌వేలు, మధ్య విభాగిని ఉన్న నాలుగు వరసల రోడ్లు, మునిసిపల్ హద్దుల్లోని రోడ్లు, ఇతర రోడ్లు. కార్లకు వరసగా 120, 100, 70, 70 కిలోమీటర్లు అన్నది. వేగాన్ని పెంచిన ఆ ప్రకటనను 2021 లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. అంకెల సంగతి అటుంచి ఆ వరసలే చూడండి. అందులో పల్లె అనేది లేదు. నాలుగు వరసల రహదారి చీల్చుకుపోయిన పల్లె చట్టం కంటికి పల్లె కాదు, నాలుగు వరసల రోడ్డే. ఒకవైపు ఇళ్లు, రెండోవైపు పొలాలు. ఒకవైపు బడి, రెండోవైపు పిల్లలు. మద్రాసునుంచి కలకత్తా పోయే దారిమీదా, హైదరాబాదునుంచి బెజవాడ వచ్చే దారిమీదా ఇటువంటి ఊళ్లు మనలో చూడనివాళ్లెవరు? ప్రజలకు అపాయం కలిగే వేగంతో నడపగూడదని 184 వ సెక్షను అంటున్నమాట నిజమే. కాని తరచుగా అది పనిలోకి దిగేది మనిషి కింద పడ్డాకనే. 2022 లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. అందులో 32,825 మంది పాదచారులు.

అయితే తప్పంతా డ్రైవరు నెత్తిన వెయ్యడం నా ఉద్దేశం కాదు. బ్రిటన్‌లో మొదట మోటారు నడిపించినవాడు యజమాని. మన రోడ్లమీద లారీ నడిపేవాడు కూలివాడు. తెల్లవారేలోగా సరుకు చేరకపోతే జీతం కోత. మోటారు సైకిలుమీద కూరగాయల సంచి మోసుకుపోయే కుర్రవాడికి కంపెనీ నిమిషాల లెక్కన గడువు పెడుతుంది. అతనికి దారిపక్కన బోర్డు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అతని వేగాన్ని నిర్ణయించే బోర్డు యజమాని గోడమీద ఉన్నది.

ఈ సంగతి చట్టానికి తెలియక కాదు. 1988 చట్టం 183 వ సెక్షనులో నాలుగో ఉపవిభాగం ఉన్నది. పరిమితి దాటకుండా చేరడం సాధ్యంకాని గడువు పెట్టి, టైంటేబుల్ ప్రకటించినా ఆదేశం ఇచ్చినా, ఆ ప్రకటనే, ఆ ఆదేశమే అది ఇచ్చినవాడు నేరం చేశాడనడానికి ప్రథమ సాక్ష్యం అని అది చెబుతున్నది. బ్రిటిష్ చట్టంలోనూ ఇటువంటి నిబంధన ఉన్నది. అంటే యజమానిని బోనులో నిలబెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఆ సెక్షనును ఎత్తిచూపే యూనియన్లు కావాలి, దాన్ని చదివిచెప్పే అధ్యాపకులు కావాలి, గడువు కాగితాలను కోర్టుముందు పెట్టే ప్లీడర్లు కావాలి. ఒక్క సాక్షి అభిప్రాయంతో శిక్షించగూడదన్న 1903 నాటి రక్షణ కూడా అదే సెక్షనులో, మూడో ఉపవిభాగంగా, యంత్రంతో కొలిచిన సందర్భాన్ని మినహాయించి, మనదాకా వచ్చింది. మోటారుస్వామికోసం పుట్టిన రక్షణను ఇవ్వాళ లారీ డ్రైవరు వాడుకోవచ్చు. పాలకవర్గం తనకోసం చేసుకున్న పనిముట్లు శ్రామికుల చేతికి కూడా పనికొస్తాయి, తెలుసుకుంటే.

కాబట్టి మనం అడగవలసినవి రెండు. ఒకటి: మనుషులు బతికేచోట తక్కువ వేగమే సాధారణ నియమం కావాలి, ఎక్కువ వేగం కావాలన్నవాడు బోర్డు పాతుకోవాలి. దానికి కొలబద్ద దీపస్తంభమే కానక్కరలేదు. మన ఊళ్లకు తగినది బడి కావచ్చు, బస్సు ఆగేచోటు కావచ్చు, గ్రామకంఠం హద్దు కావచ్చు. రెండు: వేగంగా నడిపినవాడితోపాటు వేగంగా నడిపించినవాడు కూడా జవాబు చెప్పాలి. 1934 నాటి ఆ సభ్యుడు కుక్కలు నేర్చుకున్నాయని సంతోషించాడు. రోడ్డుపక్క పల్లెలో పిల్లలకు మనం కూడా ఇప్పటిదాకా తప్పుకోవడమే నేర్పుతున్నాం. నిదానించడం నేర్చుకోవలసింది బండి.